తండ్రి వేసిన చిక్కు ప్రశ్న, కొడుకు చేసిన కొలబద్ద

1892లో లండన్ యూనివర్సిటీ కాలేజీ జంతుశాస్త్ర ప్రొఫెసర్ వాల్టర్ వెల్డన్ సెలవులకు ఇటలీ వెళ్లాడు. అక్కడ ఆయన పెట్టుకున్న పని నేపుల్స్ తీరపు పీతలను కొలవడం. వెయ్యి పీతలు, అన్నీ ఆడవే. ఒక్కోదానికీ డిప్ప పొడవెంత, నుదురు వెడల్పెంత అని కొలిచి రాసుకోవాలి. భార్య ఫ్లోరెన్స్ కూడా ఈ పనిలో చెయ్యి వేసింది. ఇంగ్లండులోని ప్లిమత్ పీతలనూ ఇలాగే కొలిచి, రెండు తీరాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు.

డార్విన్ పోయి అప్పటికి పదేళ్లు. ప్రకృతి వరణం నిజమే అయితే కొలతల్లో దాని జాడ కనబడి తీరాలన్నది వెల్డన్ పట్టుదల. మిగతా కొలతలు గంట ఆకారపు వంపులోనే వచ్చాయి. మధ్యలో ఎక్కువ పీతలు, అటూ ఇటూ పోయేకొద్దీ తక్కువ. ఒక్కటి మాత్రం మొండికేసింది. నేపుల్స్ పీతల నుదురు వెడల్పును డిప్ప పొడవుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి అది. దాని వంపు ఒక పక్కకు ఒరిగి ఉంది. వెల్డన్‌కు అనుమానం తగిలింది. ఇవన్నీ ఒకే రకం పీతలా, రెండు రకాలు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయా? రెండే అయితే, ఒక జాతి రెండుగా చీలుతున్న ఘట్టం కళ్లెదుటే ఉన్నట్టు.

లెక్క అదే కాలేజీలో గణితం చెప్పే కార్ల్ పియర్సన్ చేతికి వెళ్లింది. 1894లో రాయల్ సొసైటీ పత్రికలో ఆయన అచ్చువేసిన వ్యాసం, ఇవాళ మనం మిశ్రమ నమూనా అనే ప్రతిదానికీ తల్లివేరు. ఒరిగిన ఆ ఒక్క వంపునూ రెండు గంట వంపుల మొత్తంగా విడదీయాలి. తెలియని సంఖ్యలు ఐదు: రెండు సగటులు, రెండు ప్రామాణిక విచలనాలు, మొత్తంలో మొదటి గుంపు వాటా. పియర్సన్ డేటా నుంచి ఐదు ఘాత సగటులు తీసి, ఐదు సమీకరణాలు రాసి, ఒక్కో తెలియని సంఖ్యనూ తప్పిస్తూ పోతే చివరికి మిగిలింది తొమ్మిదో ఘాతపు సమీకరణం. కంప్యూటరు లేని కాలం. వెయ్యి పీతలను 29 గడుల్లో సర్ది, దశాంశాల మీద దశాంశాలు చేత్తో వేసుకుంటూ దాని మూలాలు పట్టాలి. పట్టాడు. జవాబు ఒకటి కాదు, రెండు వచ్చాయి. ఆరో ఘాత సగటుకు ఏది దగ్గరగా ఉందో చూసి ఒకదాన్ని ఎంచుకున్నాడు. దాని ప్రకారం పీతలు ఇంచుమించు నాలుగు, ఆరు పాళ్లలో రెండు గుంపులు.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. రెండు గుంపులు ఉన్నాయి అనుకుంటే అవి ఎలా ఉంటాయో పియర్సన్ చెప్పాడు. అసలు రెండు ఉన్నాయా అన్నదానికి మాత్రం ఆయన దగ్గర పరీక్ష లేదు. గీసిన వంపు డేటా మీద చక్కగా కూర్చుంది, కంటికి నచ్చింది, అంతే. నమూనా డేటాకు అతికిందో లేదో కొలిచే కై-స్క్వేర్ పరీక్షను ఆయనే తయారు చేసుకున్నాడు గానీ, అది 1900లో. పైగా 1895లో ఆయనే ఇంకో పెద్ద వ్యాసం రాసి, ఒకే గుంపులో కూడా ఒరిగిన వంపులు సహజంగా రావచ్చని చూపించాడు. అంటే వంపు ఒరిగినంత మాత్రాన గుంపులు రెండని తేల్చలేం. తాను వేసిన ముడికి తానే మరో మెలిక పెట్టినట్టయింది. అదే 1895 ఆగస్టులో ఆయనకు కొడుకు పుట్టాడు. పేరు ఎగాన్. ఈ కథలో రెండో అంకం ఆ పిల్లవాడిదే.

గుంపులు లెక్కపెట్టడానికి ఇంత హంగామా ఎందుకు, గ్రాఫు గీసి ఎన్ని మూపురాలున్నాయో చూస్తే పోలేదా అని అడగవచ్చు. సమాన వాటాలు, సమాన విచలనం ఉన్న రెండు గంట వంపులను కలిపితే, వాటి సగటుల మధ్య దూరం విచలనానికి రెట్టింపు దాటితే గానీ రెండు మూపురాలు కనబడవు. అంతకు తక్కువైతే ఒక్కటే గుండ్రటి దిబ్బ. మగవాళ్ల ఎత్తులు, ఆడవాళ్ల ఎత్తులు కలిపి గీస్తే రెండు శిఖరాలు కనిపిస్తాయని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. నిజం కొలతలు తీసుకుని చూస్తే అలా కనబడదు, ఆ రెండు సగటులూ అంత దూరంలో లేవు. గుంపులు రెండే, మూపురం ఒక్కటే.

దీనికి ఎదురు చిక్కు వైద్యంలో వచ్చింది. 1950లలో బ్రిటన్‌లో రక్తపోటు మీద పెద్ద వాదం నడిచింది. అధిక రక్తపోటు ఉన్నవాళ్లు వేరే గుంపు, అది వంశపారంపర్యంగా ఒకే జన్యువు తెచ్చే జబ్బు అన్నాడు మాంచెస్టర్‌కు చెందిన రాబర్ట్ ప్లాట్. గుంపూ లేదు గింపూ లేదు, అందరి రక్తపోటూ ఒకే వరసలో ఉంటుంది, ఫలానా చోట గీత గీసుకున్నది మనమే అన్నాడు జార్జ్ పికరింగ్. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే రకం వంపు, కుడివైపు తోక సాగిన వంపు. దాన్ని ఒరిగిన ఒక గుంపుగానూ చదవచ్చు, రెండు గుంపుల మిశ్రమంగానూ చదవచ్చు. చివరికి వైద్యలోకం పికరింగ్ వైపే మొగ్గింది. గుంపులు ఎన్ని అన్న ప్రశ్నకు జవాబు మారితే, రోగి ఎవరు, రోగం ఏమిటి అన్నదే మారిపోతుంది.

ఇక ఎగాన్ పియర్సన్. తండ్రి నీడలో పెరిగి, తండ్రి శాఖలోనే చేరిన ఎగాన్, పోలండు నుంచి వచ్చిన యెర్జీ నైమన్‌తో కలిసి 1928లో ఒక కొత్త కొలబద్ద ముందుకు తెచ్చాడు. దాని పేరు లైక్లీహుడ్ నిష్పత్తి. ఒక నమూనా నిజమనుకుంటే మన చేతిలో ఉన్న డేటా రావడానికి ఎంత వీలుందో చెప్పే సంఖ్య లైక్లీహుడ్. చిన్న నమూనాకు ఒకటి, పెద్ద నమూనాకు ఒకటి లెక్కగట్టి పోల్చాలి. పెద్దదానికి సౌలభ్యాలు ఎక్కువ కాబట్టి దాని సంఖ్య ఎప్పుడూ తగ్గదు. ఎంత పెరిగితే నిజంగా పెరిగినట్టు?

దానికి సమాధానం 1938లో ప్రిన్స్‌టన్‌లో శామ్యూల్ విల్క్స్ ఇచ్చాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై దాటి ఒకటి రెండేళ్లు. ఆ నిష్పత్తికి లాగరిథమ్ తీసి రెట్టింపు చేయండి. చిన్న నమూనాయే నిజమైనప్పుడు, డేటా పెద్దదయ్యేకొద్దీ ఆ సంఖ్య కై-స్క్వేర్ పట్టిక చెప్పినట్టే నడుస్తుంది. పట్టికలో ఏ వరస చూడాలి? పెద్ద నమూనాలో అదనంగా ఎన్ని తెలియని సంఖ్యలు ఉన్నాయో లెక్కపెట్టండి, డిగ్రీలు అన్నే. ఒక్కటి ఎక్కువైతే హద్దు 3.84, రెండైతే 5.99, మూడైతే 7.81. ఇంతకంటే సులువైన సూత్రం గణాంకశాస్త్రంలో మరొకటి లేదనే చెప్పాలి. తండ్రి 1900లో తెచ్చిన పరీక్షకు వాడిన పట్టికే కొడుకు కొలబద్దకు గీతలు గీసి పెట్టింది. ఇవాళ్టికీ జీవశాస్త్రం నుంచి ఆర్థికశాస్త్రం దాకా రోజూ వాడేది దీన్నే.

మరి దీన్ని తండ్రి పీతల మీద పెడితే? ఒక గుంపు నమూనాలో తెలియని సంఖ్యలు రెండు, రెండు గుంపుల నమూనాలో ఐదు. తేడా మూడు. హద్దు 7.81. పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కాలేదు.

ఎందుకు కాలేదో చెప్పే ముందు మన వైపు మనిషి ఒకరిని తలచుకోవాలి. సి.ఆర్.రావు, అంటే కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, కలకత్తా భారతీయ గణాంక సంస్థలో చేరి, అక్కడి నుంచి కేంబ్రిడ్జి వెళ్లారు. సూడాన్‌లో తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించే పని మీద పిలిపించారు ఆయన్ని. పుర్రెలో ఎముకలో ఏ గుంపువో చెప్పాలంటే గుంపులను విడదీసే గణితం కావాలి. 1948లో ఆయన అచ్చువేసిన వ్యాసంలో, సమాన విచలనం ఉన్న రెండు గంట వంపుల మిశ్రమాన్ని తొమ్మిదో ఘాతపు సమీకరణం జోలికి పోకుండా, లైక్లీహుడ్ పద్ధతిలో అంచెలంచెలుగా విడదీసి చూపించారు. అప్పటికి మిశ్రమాలను ఆ దారిలో పట్టినవాళ్లు అరుదు. అదే ఏడు ఆయన స్కోర్ పరీక్ష కూడా వచ్చింది. పెద్ద నమూనాను అతికించకుండానే, చిన్న నమూనా దగ్గరే నిలబడి పరీక్షించే ఉపాయం అది. గుంపు ఒకటేనా అని పరీక్షించడానికి తర్వాత వచ్చిన పద్ధతుల్లో కొన్నిటికి పునాది ఇక్కడే ఉంది.

తిరకాసు ఎక్కడుందంటే, విల్క్స్ సూత్రానికి ఒక షరతు ఉంది. పెద్ద నమూనాలోంచి చిన్న నమూనాలోకి దిగే దారి ఒక్కటే ఉండాలి, అది అంచున కాకుండా నడిమధ్యన ఉండాలి. మిశ్రమంలో దారులు ఎన్నో. రెండో గుంపు వాటాను సున్నా చేస్తే మిగిలేది ఒక్క గుంపే. అప్పుడు రెండో గుంపు సగటు ఎంతైనా కావచ్చు, దానికి అర్థమే లేదు. మొదటి గుంపు వాటాను సున్నా చేసినా అంతే. పోనీ వాటాలు అలాగే ఉంచి, రెండు సగటులూ రెండు విచలనాలూ ఒకటే చేస్తే అదీ ఒక్క గుంపే. అప్పుడు వాటా ఎంతైనా ఒకటే, దానికి అర్థం పోయింది. కాబట్టి ‘అదనపు తెలియని సంఖ్యలు’ ఎన్ని? ఒక దారిన చూస్తే ఒకటి, ఇంకో దారిన చూస్తే రెండు, కాగితం మీద లెక్కపెడితే మూడు. డిగ్రీల లెక్కే లేనప్పుడు పట్టికలో ఏ వరస చూస్తాం?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. విచలనాలను స్వేచ్ఛగా వదిలేస్తే, ఒక గుంపు సగటును ఏదో ఒక్క పీత కొలత మీద సరిగ్గా పెట్టి, దాని విచలనాన్ని సున్నా వైపు కుదించుకుంటూ పోవచ్చు. లైక్లీహుడ్ అనంతానికి ఎగబాకుతుంది. ఒక్క పీతకు ఒక జాతి! గణితం దానికి అభ్యంతరం చెప్పదు.

1960ల దాకా ఇది కొద్దిమందికే తలనొప్పి, ఎందుకంటే మిశ్రమాన్ని అతికించడమే కష్టం. కంప్యూటర్లు వచ్చాక పరిస్థితి మారింది. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో జాన్ వుల్ఫ్ మిశ్రమాలను అతికించే ప్రోగ్రాము రాసి, 1971లో వందలకొద్దీ కృత్రిమ డేటాలు పుట్టించి చూశాడు. విల్క్స్ పట్టిక పనిచేయడం లేదు, హద్దు పైకి జరపాలి, డిగ్రీలు ఇంచుమించు రెట్టింపు చేసి వాడుకోండి అన్నాడు. అది సిద్ధాంతం కాదు, చేయితిరిగిన పనివాడి అంచనా. ఏమీ లేనిచోట అదే మేలని చాలామంది ఏళ్ల తరబడి వాడుకున్నారు. 1977లో డెంప్‌స్టర్, లైర్డ్, రూబిన్ ముగ్గురూ ఈఎం పద్ధతిని ఒక కొలిక్కి తెచ్చి అచ్చువేశారు. ఏ పీత ఏ గుంపుదో మొదట ఊహించడం, ఆ ఊహతో సగటులు కట్టడం, ఆ సగటులతో ఊహ సవరించడం, కదలిక ఆగేదాకా ఇదే తిప్పడం. పియర్సన్ తల బద్దలు కొట్టుకున్న పని విద్యార్థులు చేసుకునే పని అయింది. దాంతో గుంపులెన్ని అన్న ప్రశ్న ఇంటింటి ప్రశ్న అయి కూర్చుంది.

1983లో బర్క్‌లీలో ఒక సదస్సు జరిగింది. రెండేళ్ల ముందు కన్నుమూసిన యెర్జీ నైమన్, జాక్ కీఫర్‌ల గౌరవార్థం పెట్టిన సదస్సు. 1985లో వెలువడిన దాని సంపుటాల్లో యేల్ విశ్వవిద్యాలయపు జాన్ హార్టిగన్ వ్యాసం ఉంది. మిశ్రమాల దగ్గర లైక్లీహుడ్ సిద్ధాంతం విఫలమైందని పేరులోనే చెప్పేశాడు. నైమన్ కట్టిన పరీక్ష ఎక్కడ కూలిందో నైమన్ పేరిటి సంపుటంలోనే రుజువు! ఆయన తీసుకున్నది చాలా తేలిక సందర్భం. విచలనం తెలుసు, మొదటి సగటు తెలుసు, రెండో గుంపు సగటూ వాటా మాత్రమే తెలియవు. ఉన్నది నిజంగా ఒకే గుంపు. అయినా డేటా పెరిగేకొద్దీ నిష్పత్తి ఏ పట్టిక దగ్గరా ఆగకుండా అనంతానికి పోతుంది.

కారణం వింటే సబబే అనిపిస్తుంది. రెండో గుంపు సగటు ఎక్కడైనా ఉండవచ్చు అన్నాం కదా. ఎక్కడో దూరంగా కాకతాళీయంగా నాలుగు కొలతలు చేరువగా పడతాయి. అక్కడ ఒక బుల్లి గుంపును పెడితే లైక్లీహుడ్ కాస్త పెరుగుతుంది. వెతికే చోటు పెరిగేకొద్దీ అలాంటి చోట్లు పెరుగుతాయి, వాటిలో అన్నిటికంటే మంచిది ఇంకా ఇంకా మంచిదవుతుంది. అయితే ఈ పరుగు ఎంత నత్తనడకో చూడండి. డేటా సంఖ్యకు లాగరిథమ్ తీసి, దానికి మళ్లీ లాగరిథమ్ తీస్తే వచ్చేదే దాని వేగం. వెయ్యి కొలతలకు అది 1.93. పది లక్షలకు 2.63. వంద కోట్లకు 3.03. వుల్ఫ్ కృత్రిమ డేటాలతో ఎన్నాళ్లు కూర్చున్నా ఈ సంగతి పట్టుకోగలిగేవాడు కాదు. కంప్యూటరుకు ఎప్పటికీ కనబడని నిజాన్ని కాగితం, పెన్సిల్ పట్టుకున్నాయి. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

అదే సంపుటంలో జయంత కుమార్ ఘోష్, ప్రణబ్ కుమార్ సేన్ ఒక దారి చూపారు. ఇద్దరూ కలకత్తా చదువు చదివినవారు. సగటులు ఒక హద్దు దాటి పోకూడదు, రెండూ ఒకదానికొకటి కొంత ఎడంగా ఉండాలి అని షరతు పెడితే నిష్పత్తికి ఒక స్థిరమైన నడవడి ఉంటుందని నిరూపించారు. కాకపోతే అది కై-స్క్వేర్ కాదు, పట్టిక వేసి ఇవ్వగలిగినంత సులువైనదీ కాదు. తర్వాత పదిహేనేళ్లు ఫ్రాన్స్‌లో, అమెరికాలో, కెనడాలో ఈ గణితం మీద చాలామంది పనిచేశారు. పి-విలువ, అంటే గుంపు ఒకటే అయినా ఇంత పెద్ద నిష్పత్తి కాకతాళీయంగా వచ్చే వీలెంతో చెప్పే సంఖ్య, కావలసినవాడికి దానివల్ల వెంటనే ఒరిగింది తక్కువ.

ఒరిగించినవాడు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు జెఫ్రీ మెక్లాక్లన్. 1987లో ఆయన చెప్పింది ఇంతే: పట్టిక లేకపోతే మీ డేటాకు మీరే పట్టిక తయారు చేసుకోండి. ముందు ఒకే గుంపు అనుకుని అతికించండి. ఆ ఒక్క గుంపు నుంచి అసలు డేటా అంతే సైజులో నకిలీ డేటా పుట్టించండి. దాని మీద ఒక గుంపు, రెండు గుంపులు రెండూ అతికించి నిష్పత్తి కట్టండి. 99 సార్లు ఇదే చేయండి. అసలు డేటా నిష్పత్తి ఆ 99 కంటే పెద్దదైతే పి-విలువ నూటికి ఒకటి. దీన్నే బూట్‌స్ట్రాప్ అంటారు. సిద్ధాంతపరంగా అందమేమీ లేదు, బండ చాకిరీ. కానీ చాకిరీ చేసేది యంత్రం కాబట్టి నడిచిపోతుంది.

ఈలోగా ఈ రంగానికి కొత్త పీతలు దొరికాయి. అవి నక్షత్రవీథులు. కరోనా బొరియాలిస్ అనే దిక్కున ఉన్న 82 గెలాక్సీలు మన నుంచి దూరమవుతున్న వేగాలను కాథరిన్ రోడర్ 1990లో విశ్లేషణకు తీసుకుంది. అతి తక్కువ వేగం సెకనుకు 9172 కిలోమీటర్లు, అతి ఎక్కువ 34279. వేగాలు గుంపులుగా ఉంటే ఆకాశంలో గెలాక్సీలు గుత్తులుగా, మధ్య శూన్యాలతో ఉన్నట్టు. ఎన్ని గుత్తులు? ఒకరు మూడన్నారు, ఇంకొకరు ఆరన్నారు, మరొకరు ఏడన్నారు. డేటా అదే, అందరూ ఉద్దండులే. విచలనాలు సమానమనుకున్నారా లేదా, ముందస్తు ఊహలు ఏం పెట్టుకున్నారు అన్నదాన్ని బట్టి జవాబు మారింది. ఇంకో తమాషా. ఆర్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఈ జాబితాలో 78వ అంకె 26690 అని ఉంటుంది. అసలుది 26960. అంకెలు తారుమారైన సంగతి సహాయ పేజీలో రాసే ఉంది. మూల పత్రంలో 83వ గెలాక్సీ కూడా ఉందని, దాని వేగం 5607 అని, అది జాబితాలోకి రాలేదని అక్కడే ఉంది.

2001లో యుంగ్‌తాయ్ లో, నాన్సీ మెండెల్, డోనాల్డ్ రూబిన్ కలిసి బూట్‌స్ట్రాప్ చాకిరీ లేకుండా పి-విలువ ఇచ్చే పరీక్ష అచ్చువేశారు. ఈ రూబిన్ ఈఎం పద్ధతి తెచ్చిన ముగ్గురిలో ఒకడు. అందరూ ఎగబడ్డారు. మనస్తత్వశాస్త్రం, విద్యారంగం పరిశోధకులు వాడే ఎంప్లస్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కింది. రెండేళ్లు తిరగకముందే, 2003లో, వాళ్ల వ్యాసం వచ్చిన బయోమెట్రికా పత్రికలోనే నీల్ జెఫ్రీస్ చిన్న వ్యాసం రాశాడు. నిరూపణకు ఆధారమైన షరతులు మిశ్రమాల దగ్గర చెల్లవని చూపించాడు. పాత చిక్కే, ఒక గుంపులోకి దిగే దారులు ఎన్నో ఉన్న చిక్కే, వేరే వేషంలో వచ్చింది. పరీక్ష మాత్రం సాఫ్ట్‌వేర్‌లోంచి పోలేదు. నేటికీ దాని పి-విలువ చూపి గుంపులు తేల్చే పత్రాలు వస్తూనే ఉన్నాయి.

చివరికి విల్క్స్ పట్టికను మళ్లీ వాడుకోగల స్థితికి తెచ్చినవాళ్లు కెనడాలో పనిచేసే జియాహువా చెన్, పెంగ్‌ఫీ లీ. 2009లో వచ్చిన వాళ్ల ఈఎం పరీక్షలో ఉపాయం ఏమిటంటే, వాటా సున్నా వైపు పోతే కొంచెం జరిమానా, విచలనం కుదించుకుపోతే ఇంకొంచెం జరిమానా. 0.1, 0.3, 0.5 లాంటి కొన్ని వాటాల దగ్గర మొదలుపెట్టి ఈఎం చక్రాన్ని కొద్దిసార్లు మాత్రమే తిప్పి ఆపేస్తారు. శిఖరం అంటేదాకా ఎక్కనివ్వరు. అలా కట్టిన నిష్పత్తి, రెండు విచలనాలూ వేరు, రెండూ తెలియవు అన్న సందర్భంలో సరిగ్గా రెండు డిగ్రీల కై-స్క్వేర్ అవుతుంది. హద్దు 5.99. పియర్సన్ పీతల సందర్భం అచ్చంగా ఇదే. ప్రశ్న పుట్టిన 115 ఏళ్లకు పట్టికలో వరస దొరికింది.

గుంపులు విడదీసే విశ్లేషణతో థీసిస్ రాస్తున్నవాళ్లు మన విశ్వవిద్యాలయాల్లోనూ చాలామందే ఉన్నారు. వాళ్లకొక మాట. సాఫ్ట్‌వేర్ అడక్కుండా ఇచ్చే పి-విలువ దగ్గర ఆగిపోకండి. బూట్‌స్ట్రాప్ పి-విలువ కూడా అడగండి, రాత్రంతా పడితే పట్టనివ్వండి. 2007లో కారెన్ నైలండ్, తిహొమిర్ అస్పరూహొవ్, బెంట్ ముథేన్ అప్పటికి వాడుకలో ఉన్న పరీక్షలను కృత్రిమ డేటాల మీద పోల్చి చూసినప్పుడు, వాటిలో అన్నిటికంటే నమ్మదగినదిగా నిలిచింది ఆ బండ చాకిరీయే.